ఏ గ్రూపు? ఏ మేజర్? సీటు అడిగే ముందు ఆలోచించాల్సిన సంగతులు

పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు నుంచి హాస్టల్లో ఒకటే మాట వినిపిస్తుంది: "ఏ గ్రూపు తీసుకుంటున్నావు?" ఇంటర్ అయ్యాక అదే ప్రశ్న "ఏ బ్రాంచి?", "ఏ మేజర్?" అని మారుతుంది. మెస్ ముందు ప్లేటు పట్టుకుని వరుసలో నిలబడినంత సేపట్లోనే దీనికి జవాబు తేల్చేసేవాళ్ళు మనలో చాలామంది. స్నేహితుడు చేరాడని ఒకరు చేరతారు. పక్క ఊరి అన్నకు బెంగళూరులో ఉద్యోగం వచ్చిందని ఒకరు చేరతారు. కాలేజీవాళ్ళు ఇంటికొచ్చి బతిమాలారని మరొకరు చేరతారు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం హాస్టళ్ళ నుంచి కాలేజీ మెట్లెక్కబోయే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ వ్యాసం మీ కోసమే. ఏది గొప్ప కోర్సు అని చెప్పడానికి కాదు, ఎలా ఎంచుకోవాలో చెప్పడానికి.

మనకు రెండోసారి ఖరీదు ఎక్కువ

డబ్బున్న ఇంట్లో పిల్లవాడు ఒక కోర్సులో చేరి, నచ్చక మానేసి, ఇంకో కోర్సులో చేరగలడు. ఫీజు మళ్ళీ కట్టేవాళ్ళు ఉంటారు. మన సంగతి అలా కాదు. మన చదువు స్కాలర్‌షిప్ మీద, ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద నడుస్తుంది. కేంద్ర ప్రభుత్వ ఎస్సీ పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ నిబంధనల్లో ఒక ముఖ్యమైన మాట ఉంది. ఒక స్థాయి చదువు పాసయ్యాక మళ్ళీ అదే స్థాయిలో వేరే సబ్జెక్టు చదివితే ఆ సాయం రాదు. ఇంటర్ ఆర్ట్స్ పాసై మళ్ళీ ఇంటర్ సైన్స్ చదువుతానన్నా, బీఏ అయ్యాక బీకాం చదువుతానన్నా చేతి నుంచి పెట్టుకోవలసిందే.

అంటే ప్రతి మెట్టు దగ్గరా ప్రభుత్వం మనకు ఒక్కసారే టికెట్ ఇస్తుంది. బస్సు ఎక్కాక "ఇది మా ఊరికి పోదా?" అని అడిగితే లాభం లేదు. బోర్డు ముందే చదువుకోవాలి.

"ముందు చేరదాం, తర్వాత మారదాం" అనే ఆశ

అమెరికా లాంటి దేశాల్లో చాలా విశ్వవిద్యాలయాలు దరఖాస్తులోనే "ఏ మేజర్ చదవాలనుకుంటున్నావు?" అని అడుగుతాయి. అక్కడ కొందరు ఒక ఎత్తు వేస్తారు. పోటీ తక్కువగా ఉన్న మేజర్ రాసి లోపలికి వెళ్ళి, తర్వాత కంప్యూటర్ సైన్సుకు మారిపోదాం అనుకుంటారు. ఇప్పుడు అక్కడ కూడా చాలాచోట్ల ఆ తలుపు మూసుకుపోతోంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణం 2023 నుంచి కంప్యూటర్ సైన్సుకు మొదట్లోనే విడిగా ప్రవేశం ఇచ్చే పద్ధతి పెట్టింది.

మన దగ్గర ఆ ఎత్తు మరీ కష్టం. ఎంసెట్ పేరు 2021 నుంచి మన రాష్ట్రంలో ఈఏపీసెట్‌గా మారింది. పేరు ఏదైనా అందులో సీటు ఇచ్చేది కాలేజీకి, బ్రాంచికి కలిపే. సివిల్లో చేరి, మనకు నచ్చినప్పుడు కంప్యూటర్ సైన్సులో కూర్చోవడం కుదరదు. కౌన్సెలింగ్ అయ్యాక అదే కాలేజీలో ఖాళీలుంటే బ్రాంచి మారవచ్చని ఎవరైనా చెబితే, "మారితే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంటుందా?" అని అడిగి, జవాబు కాగితం మీద చూసుకున్నాకే సంతకం పెట్టండి.

సబ్జెక్టు నిజంగానే తర్వాత తేల్చుకోనిచ్చే చోట్లు కూడా ఉన్నాయి. 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీల్లో, అంటే ఆర్జీయూకేటీలో, పదో తరగతి మార్కులతో ఆరేళ్ళ చదువుకు తీసుకుంటారు. మొదటి రెండేళ్ళూ ఇంటర్‌తో సమానమైన చదువు. ఆ మార్కులను బట్టి తర్వాత బ్రాంచి ఇస్తారు. పగలు జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివి రాత్రి హాస్టల్లో ఉండే మనలాంటివాళ్ళు గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఒకటుంది. రెసిడెన్షియల్ కాని ప్రభుత్వ పాఠశాలల్లో చదివినవారికి ఆ ప్రవేశాల్లో 4 శాతం అదనంగా కలుపుతారు. మనకు దగ్గరలో ఉన్నది కడప జిల్లా ఇడుపులపాయ ప్రాంగణం. సైన్సు మీద ఇష్టం ఉన్నవారికి తిరుపతిలో 2015లో పెట్టిన ఐసర్ ఉంది. అక్కడ మొదట అన్ని సైన్సులూ చదివించి, తర్వాత ఒక మేజర్ ఎంచుకోమంటారు. పదహారేళ్ళకు ఇంకా మనసు తేలకపోవడం తప్పు కాదు. తేలనివాళ్ళు ఇలాంటి చోట్లకు ముందుగా ప్రయత్నించడం తెలివైన పని.

టమోటా మార్కెట్ చెప్పే పాఠం

మదనపల్లె టమోటా మార్కెట్ గురించి మనకు ఒకరు చెప్పనక్కరలేదు. 2023 జూలై నెలాఖరులో అక్కడ కిలో టమోటా ధర రూ.200 దాకా పోయింది. ఆ ధర చూసి నారు నాటినవాళ్ళకు కోత వచ్చేసరికి, సెప్టెంబరులో, ధర కుప్పకూలింది. మూడు నెలల పంటకే ఇంత తేడా వస్తే, నాలుగేళ్ళ పంటకు ఎంత రావచ్చు?

చదువుల్లోనూ ఇదే జరుగుతుంది. 2000 ప్రాంతంలో కంప్యూటర్ చదువంటే జనం ఎగబడ్డారు. 2001లో అమెరికాలో కంప్యూటర్ కంపెనీలు దెబ్బతినేసరికి, ఆ ఏడు బయటికొచ్చినవాళ్ళు ఇబ్బంది పడ్డారు. మళ్ళీ కోలుకుంది. 2008లో మళ్ళీ తగ్గింది. అలాగని కంప్యూటర్ సైన్సు వద్దని కాదు. ఈ రోజు ధర చూసి విత్తనం వేయకూడదని మాత్రమే. ధర పడిపోయినప్పుడు కూడా ఆ సబ్జెక్టులో గట్టిగా నేర్చుకున్నవాడు నిలబడ్డాడు. ఏదో ఒకటని చేరినవాడు ముందుగా పడిపోయాడు.

ఇంకో వైపు కూడా చూడండి. 2019లో గ్రామ, వార్డు సచివాలయాలకు లక్షకు పైగా ఉద్యోగాల నియామకం జరిగింది. అందులో వ్యవసాయం, పశుసంవర్ధకం, పట్టు పరిశ్రమ, ఇంజనీరింగ్ సహాయకుల పోస్టులకు ఆయా రంగాల చదువు చదివినవాళ్ళే అర్హులు. అంతకుముందు "పశువుల డిప్లొమానా?" అని నవ్వినవాళ్ళు ఆ రోజు దరఖాస్తు కూడా పెట్టుకోలేకపోయారు. పుంగనూరు ఆవు పేరు దేశమంతా తెలిసిన ప్రాంతం మనది. పక్కనే పలమనేరులో పశుసంవర్ధక పాలిటెక్నిక్ ఉంది. మన చుట్టూ ఉన్న బతుకులో పుట్టిన చదువును చిన్నచూపు చూడకండి.

పది తర్వాత: ఏ తలుపు ఎటు తెరుచుకుంటుంది?

ఎంపీసీ చదివినవారికి ఇంజనీరింగ్, బీఎస్సీ, బీ ఫార్మసీ ఉన్నాయి. కావాలంటే బీఏ, బీకాం, లా వైపు కూడా రావచ్చు.

బైపీసీ అంటే డాక్టరే కావాలని చాలామంది అనుకుంటారు. మన రాష్ట్రంలో 2017 నుంచి వైద్య ప్రవేశాలు నీట్ ద్వారానే. పోటీ చాలా ఎక్కువ. కానీ అదే గ్రూపుతో వ్యవసాయ బీఎస్సీ, పశువైద్యం, ఉద్యాన కోర్సులు, ఫార్మసీ, నర్సింగ్, పారామెడికల్ ఉన్నాయి. వ్యవసాయ విశ్వవిద్యాలయ ప్రవేశాల్లో రైతుల కోటా కూడా ఉంది. పల్లె బడిలో చదివినట్టు, ఇంటికి భూమి ఉన్నట్టు కాగితాలు ఉండాలి. మీ నాయన పేరున ఎకరం ఉన్నా ఆ పాస్‌పుస్తకం ఎక్కడుందో ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

సీఈసీ, హెచ్ఈసీ చదివితే బీఏ, బీకాం, ఐదేళ్ళ లా కోర్సు ఉన్నాయి. గ్రూప్ 1, గ్రూప్ 2, బ్యాంకు క్లర్కు, ఆఫీసర్ పరీక్షలు చాలావరకు ఏ డిగ్రీ అయినా చాలంటాయి. చరిత్ర, రాజనీతిశాస్త్రం, ఆర్థికశాస్త్రం చదివినవారికి ఆ సిలబస్‌లో కొంత ముందే తెలిసి ఉంటుంది.

పాలిటెక్నిక్ ఇంకో దారి. పదవ తరగతి తర్వాత పాలీసెట్ రాసి మూడేళ్ళ డిప్లొమా చేస్తే ఉద్యోగానికీ వెళ్ళవచ్చు, ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలోనూ చేరవచ్చు. ఇంట్లో త్వరగా సంపాదన కావలసినవారికి ఇది మంచి మార్గం.

గణితం, జీవశాస్త్రం రెండూ వదలలేనివారికి 2025-26 సంస్కరణలతో ఇంటర్‌లో రెండూ కలిపి చదివే వీలు కూడా వచ్చింది. బరువు ఎక్కువే, మోయగలమనుకుంటేనే తీసుకోవాలి.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. సైన్సు నుంచి ఆర్ట్స్‌కు దిగడానికి మెట్లున్నాయి. ఆర్ట్స్ నుంచి సైన్సుకు ఎక్కడానికి మెట్లు లేవు. అందుకే "ఏమీ తేలకపోతే ఎంపీసీ" అని పెద్దలు అంటారు. ఆ మాటలో నిజం ఉంది, కానీ సగమే. ఇంటర్‌లో లెక్కలు తప్పితే తెరిచి ఉన్న తలుపులన్నీ ఒక్కసారే మూసుకుంటాయి. పదిలో లెక్కల్లో అత్తెసరు మార్కులతో బయటపడి, పుస్తకం తెరిస్తేనే భయపడేవారికి ఎంపీసీ పది తలుపుల గది కాదు, తాళం వేసిన గది. మంచి మార్కులతో పాసైన సీఈసీ, సప్లిమెంటరీలు మిగిలిన ఎంపీసీ కంటే ఎంతో మేలు.

డిగ్రీలో మేజర్ ఎంచుకునేటప్పుడు

మన రాష్ట్రంలో 2020-21 నుంచి డిగ్రీ ప్రవేశాలు ఆన్‌లైన్‌లో జరుగుతున్నాయి. అంతకుముందు ఎంపీసీ, బీజెడ్‌సీ, హెచ్ఈపీ అని మూడు సబ్జెక్టులూ సమానంగా చదివేవాళ్ళం. 2023-24లో ఒక ప్రధాన సబ్జెక్టు, అంటే మేజర్, దానితోపాటు ఒక మైనర్ చదివే పద్ధతి ప్రవేశపెట్టారు. ఈ నిబంధనల్లో మార్పులు జరుగుతూ ఉంటాయి కనుక, మీరు చేరే ఏడాది నోటిఫికేషన్‌ను తప్పకుండా చదవండి. పాత సీనియర్ చెప్పిన లెక్క మీకు వర్తించకపోవచ్చు.

మేజర్ పద్ధతిలో ఎంపిక బరువు పెరిగింది. పీజీలో ఏ సబ్జెక్టుకు అర్హత, బీఎడ్‌లో ఏ మెథడాలజీ వస్తుంది, డీఎస్సీలో ఏ స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు దరఖాస్తు చేయవచ్చు అన్నవి డిగ్రీలో చదివిన సబ్జెక్టు మీద ఆధారపడతాయి. 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చింది. టీచర్ కావాలనుకునేవారు ముందు బీఎడ్ ప్రవేశ నిబంధనలు చదివి, ఆ తర్వాతే డిగ్రీ మేజర్ పెట్టుకోవాలి. చాలామంది తిరగేసి చేస్తారు. డిగ్రీ అయ్యాక బీఎడ్ నిబంధన చూసి తల పట్టుకుంటారు.

మదనపల్లెలో 1915లో అనీ బిసెంట్ స్థాపించిన బి.టి. కాలేజీ ఉంది. పుంగనూరులో, కుప్పంలో ప్రభుత్వ డిగ్రీ కాలేజీలున్నాయి. అన్ని కాలేజీల్లో అన్ని మేజర్లూ ఉండవు. మీకు కావలసిన మేజర్ మీ ఊళ్ళో లేకపోతే, ఉన్న ఊళ్ళో కాలేజీ హాస్టల్ సీటు దొరుకుతుందా అని వార్డెన్ సారును ముందే అడగండి. ఊరి కోసం మేజర్‌ను వదులుకోవడం, హాస్టల్ సంగతి తేలకుండా ఊరు వదలడం, రెండూ ఇబ్బందే.

భాషల గురించి ఒక మాట. కుప్పంలో 1997లో స్థాపించిన ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. కుప్పం పిల్లలకు తెలుగు ఇంట్లో వస్తుంది, తమిళం, కన్నడం సంతలో వస్తాయి. ఎక్కడో చదువుకున్నవాళ్ళు డబ్బుపెట్టి నేర్చుకునేది మనకు ఊరికే వచ్చింది. భాషను మేజర్‌గా తీసుకుని పీజీ చేసి, యూజీసీ నెట్‌లో జేఆర్‌ఎఫ్ సాధిస్తే పరిశోధనకు నెలకు రూ.37,000 ఫెలోషిప్ వస్తుంది (2023 జనవరి నుంచి అమలైన మొత్తం). సాధించడం తేలిక కాదు. కానీ "తెలుగు తీసుకుంటే ఏమొస్తుంది?" అని నవ్వేవారికి ఇది ఒక జవాబు.

వెబ్ ఆప్షన్లు: కంప్యూటర్ సీటు ఎలా ఇస్తుంది?

దీని చుట్టూ ఉన్నన్ని అపోహలు మరి దేని చుట్టూ లేవు. "పెద్ద కాలేజీ మొదట పెడితే చిన్న కాలేజీ సీటు కూడా పోతుంది" అని భయపడి, చాలామంది తమకు వచ్చేదనుకున్నదాన్నే మొదట పెడతారు. అది తప్పు.

కంప్యూటర్ ర్యాంకుల వరుసలో ఒక్కొక్కరినీ తీసుకుంటుంది. మీ వంతు వచ్చినప్పుడు మీ ఒకటో ఆప్షన్ చూస్తుంది. అక్కడ మీకు ఓపెన్ కేటగిరీలో గాని, రిజర్వేషన్‌లో గాని సీటు ఉంటే ఇస్తుంది. లేకపోతే రెండోది, మూడోది, అలా కిందికి దిగుతుంది. పైన అందని కాలేజీ పెట్టినందుకు కింద ఉన్న సీటు పోదు. కాబట్టి ఆప్షన్ల వరుస మీ ఇష్టం వరుసే కావాలి. పైన ఆశ, మధ్యలో అంచనా, చివర్లో భద్రత అన్నట్టు ఉండాలి. గత ఏడాది ఏ కాలేజీలో, ఏ బ్రాంచిలో, ఏ కేటగిరీకి చివరి ర్యాంకు ఎంతో ఉన్నత విద్యామండలి ప్రకటిస్తుంది. అందులో ఓసీ గడి కాదు, మీ కేటగిరీ గడి చూడండి. చెల్లెళ్ళు అమ్మాయిల గడి చూడాలి.

మూడు జాగ్రత్తలు:

ఒకటి, వచ్చినా చేరని కాలేజీని లిస్టులో పెట్టకండి. పెట్టారంటే వచ్చే అవకాశం ఉన్నట్టే.

రెండు, తర్వాతి విడత కౌన్సెలింగ్‌లో కొత్త సీటు వస్తే పాత సీటు దానంతటదే పోతుంది. అందుకే ఇప్పుడున్న దానికంటే నిజంగా మేలనుకున్న వాటినే రెండోసారి పెట్టండి.

మూడు, పాస్‌వర్డు, ఫోనుకు వచ్చే ఓటీపీ ఎవరికీ ఇవ్వకండి. "మేమే ఆప్షన్లు పెట్టిపెడతాం, నువ్వు ఇంటికి పో" అన్నవారు మీ కోసం పెట్టరు, వాళ్ళ కాలేజీ కోసం పెడతారు.

సీటు కంటే ముందు చూడాల్సిన కాగితాలు

కన్వీనర్ కోటాలో వచ్చిన సీటుకే ఫీజు రీయింబర్స్‌మెంట్. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే లేదు. "చేరండి, తర్వాత స్కాలర్‌షిప్ మేం చూసుకుంటాం" అన్న మాటకు విలువ లేదు. రెండో ఏడు సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలో ఉంటాయి, ఫీజు బాకీ మీ నాయన నెత్తిన ఉంటుంది. కోర్సు ఎంత మంచిదైనా, సీటు ఏ కోటాలో ఇస్తున్నారో అడగండి. చేరాక 75 శాతం హాజరు కూడా తప్పనిసరి.

స్థానికత ఇంకో ముఖ్యమైన విషయం. 1974 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఉమ్మడి చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలు, నెల్లూరు జిల్లాలు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతం. 85 శాతం సీట్లు స్థానికులకే. అర్హత పరీక్ష రాసేనాటికి వరుసగా నాలుగేళ్ళు ఈ ప్రాంతంలో చదివినవారు స్థానికులు. కుప్పం నుంచి, మదనపల్లె నుంచి అమ్మానాన్నలు పనికోసం బెంగళూరు పోతే పిల్లలను కూడా అక్కడే ఇంటర్‌లో చేర్చడం చూస్తుంటాం. అక్కడ రెండేళ్ళు చదివి వచ్చినవారికి ఇక్కడ స్థానికత చిక్కులు వస్తాయి. ఊరు మారే ముందు ఈ సంగతి ఇంట్లో చెప్పండి. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం పత్రాలు ట్రంకు పెట్టెలో ఒక కవరులో పెట్టుకోండి.

బాబాసాహెబ్ ఎంపిక

మన హాస్టల్ గోడ మీద పటంలో ఉన్న బాబాసాహెబ్ అంబేద్కర్ కూడా స్కాలర్‌షిప్ విద్యార్థే. 1913లో బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. ఆయన ఎంచుకున్న ప్రధాన సబ్జెక్టు ఆర్థికశాస్త్రం. దానితోపాటు సమాజశాస్త్రం, చరిత్ర, మానవశాస్త్రం వంటివి కూడా చదివారు. 1915లో ఎం.ఏ. పూర్తిచేశారు. తర్వాత లండన్‌లో ఆర్థికశాస్త్రంతోపాటు న్యాయశాస్త్రం మొదలుపెట్టారు. స్కాలర్‌షిప్ గడువు తీరి 1917లో మధ్యలోనే తిరిగి రావలసి వచ్చింది. డబ్బు కూడబెట్టుకుని 1920లో మళ్ళీ వెళ్ళి, 1923 నాటికి రెండూ ముగించారు. ఆర్థికశాస్త్రం దేశాన్ని అర్థం చేసుకోవడానికి ఉపయోగపడింది. న్యాయవాద వృత్తి ఎవరి దయా లేకుండా బతకడానికి ఉపయోగపడింది. మేజర్ ఎంచుకునేవారు ఈ రెండింటినీ చూసుకోవాలి: నా మనసు దేనిలో నిలుస్తుంది, నా కాళ్ళు దేనిపై నిలుస్తాయి?

సంతకం పెట్టే ముందు ఐదు ప్రశ్నలు

1. ఈ సబ్జెక్టులో నేను సొంతంగా చదివి పాసవగలనా?
2. ఇది పూర్తయిన రోజున ఏయే పరీక్షలకు, ఏయే చదువులకు అర్హత వస్తుంది? కనీసం మూడు చెప్పగలనా?
3. అనుకున్నది జరగకపోతే పక్కకు తిరిగే దారి ఉందా?
4. ఫీజు, హాస్టల్, పుస్తకాలకు ప్రతి ఏడూ ఎక్కడి నుంచి వస్తుంది?
5. ఇది నా నిర్ణయమా, ఇంకొకరిదా?

ఐదింటికీ జవాబు ఒక కాగితం మీద రాసి, ఇంట్లో అమ్మానాన్నలకు చదివి వినిపించండి. వాళ్ళు చదువుకోకపోయినా నాలుగో ప్రశ్నకు వాళ్ళకంటే బాగా జవాబు చెప్పేవారు లేరు.

పాత విద్యార్థులకు కూడా ఒక విన్నపం. వార్షికోత్సవానికి వచ్చి భోజనం చేసి, ఫోటో దిగి వెళ్ళడంతో మన బాధ్యత తీరదు. ఫలితాలు వచ్చే రోజుల్లో ఒక ఆదివారం మీ హాస్టల్‌కు రండి. మీరు ఏ కోర్సు చదివారో, అందులో ఏది ఉపయోగపడిందో, ఏది పడలేదో పిల్లలకు చెప్పండి. వాళ్ళు ఆప్షన్లు పెట్టేటప్పుడు పక్కన ఒక గంట కూర్చోండి. సీటు కంప్యూటర్ ఇస్తుంది, ఫీజు ప్రభుత్వం ఇస్తుంది. ముందు నడిచినవారు దారి చెబితేనే ఆ రెండూ తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు పనికొస్తాయి.